మోహిరాకు తప్ప మూడు వేలమందికి

పదకొండో భాగం

దయతో చెప్పిన అబద్ధాన్ని దేవుడు ఏ వైపు రాస్తాడు? పదిహేడేళ్ళుగా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

మా అమ్మ ఆసుపత్రి మంచంమీద పడుకుని, "నాకేమైందిరా హమ్‌దమ్?" అని అడిగినప్పుడు, "కడుపులో పుండమ్మా, మందులతో మానిపోతుంది" అన్నాను. అప్పటికే డాక్టర్లు నన్ను నడవాలోకి పిలిచి కేన్సరని చెప్పారు. రోగికి చెప్పకుండా ఇంటివాళ్ళకు చెప్పడం మా దగ్గర అలవాటు. అమ్మ నా మాట నమ్మింది. నెల తిరక్కుండా పోయింది.

మావాళ్ళలో పోయే మనిషి ఇరుగుపొరుగును పిలిపించుకుని, "నావల్ల ఏదైనా జరిగితే మనసులో పెట్టుకోకండి" అని అడుగుతాడు. ఎరువు తెచ్చుకున్న వస్తువులు ఉంటే తిరిగి ఇచ్చేస్తాడు. అమ్మ ఎవరినీ అడగలేదు. పోతున్నానని తెలిస్తే కదా అడిగేది. ఒకసారి మసీదులో పెద్దాయన దగ్గర ఈ సంగతి కదిపాను. "నీ ఉద్దేశం దేవుడికి తెలుసు" అన్నాడాయన. దేవుడికి తెలుసు, సరే, అమ్మకు తెలియలేదు కదా అనుకున్నాను. పైకి మాత్రం అనలేదు.

పోయినవారం కథ నా వ్యానులో, ముందు సీటు దగ్గర ఆగింది. మా ఊరు కోకంద్‌లో నాకు ఏడుగురు పట్టే చిన్న వ్యాను ఉందని, పొద్దున ఏడూ నలభై ట్రిప్పులో పాత బజారు దగ్గర ఎక్కేవాళ్ళంతా ఆసుపత్రి మనుషులేనని చెప్పాను. డాక్టర్ సబోహత్ తీరిక లేని వైద్యుల కోసం వారానికొకసారి ఒక పాడ్‌కాస్ట్ చేస్తుంది. పేరు 'రెండు షిఫ్టుల మధ్య'. అది పదిహేను నిమిషాలు, నా ప్రయాణమూ పదిహేను నిమిషాలే. పుస్తకం తెరవడానికి తీరిక లేని నర్సులూ డాక్టర్లూ దాన్ని నా వ్యానులో వింటారు. కొత్తది వచ్చినరోజు ఫోన్ కలిపి స్పీకర్లలో పెట్టేది నేనే. రెండేళ్ళుగా పెడుతున్నాను. అర్థమయ్యేది సగమే అయినా, అందులో నాకొక గర్వం ఉండేది.

శనివారం నా భార్య మోహిరా పిండి కొనుక్కోవడానికి ముందు సీట్లో ఎక్కింది. వెనక నుంచి ఒక నర్సు, "హమ్‌దమన్నా, కొత్తది వచ్చింది, పెట్టవా" అంది. పెట్టాను. సబోహత్ గొంతు వ్యాను నిండా వినిపించింది. ఒకావిడ ఉంది, తందూరు రొట్టెలు చేస్తుంది, తన రొట్టె వాసన తనకే పడటం లేదని ఆసుపత్రికి వచ్చింది, కడుపులో కేన్సరు, ఆమెకు చెప్పలేదు. భర్త నడవాలో డాక్టరు చెయ్యి పట్టుకుని, "పుండని చెప్పండి, మా అమ్మకీ నేను అలాగే చెప్పాను" అన్నాడు.

ఆపేస్తే ఎందుకు ఆపావని వెనకవాళ్ళు అడుగుతారు. ఆపకపోతే పక్కన మోహిరా ఉంది. ఏమీ చెయ్యకుండా స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. ఆసుపత్రి దగ్గర అందరూ దిగాక మోహిరా రోడ్డువైపే చూస్తూ, "పుండు కదూ?" అంది. పోయినవారం కథ అక్కడితో ఆపాను.

ఆ తరువాత ఆ రోజంతా ఆమె మాట్లాడలేదు. పిండి కలిపింది, రొట్టెలు కాల్చింది, నాకు పెట్టింది. గురువారం ఆపరేషన్. తాష్కెంట్ నుంచి పెద్ద సర్జన్ నెలకొకసారి వస్తాడు, ఆ రోజు తప్పితే మళ్ళీ నెల ఆగాలి. అంత ఆగే జబ్బు కాదని డాక్టరమ్మ నాతో ముందే అంది. పుండుకు చిన్న కోత అని చెప్పి తీసుకెళ్దామనుకున్నాను. ఇప్పుడు ఆమె వస్తుందో రాదో నాకు తెలియదు.

ఆదివారం పొద్దున నమాజుకు నిలబడ్డాను. నుదురు నేలకు ఆనించినప్పుడు కూడా నాలో కోపమే ఉంది. అలాంటి నమాజు చెల్లుతుందో లేదో దేవుడికే ఎరుక. ముగించి, వ్యాను తీసి, నేరుగా సబోహత్ ఇంటికి వెళ్ళాను.

వాకిట్లో ఆమె అత్తగారు ఎండు ఆప్రికాట్లు ఏరుతోంది.

"డాక్టరమ్మ ఉన్నారా?"

"ఉంది నాయనా. బొంతలతో మాట్లాడుతోంది."

"ఏమిటీ?"

"కోడలుగా వచ్చినప్పుడు నలభై బొంతలు తెచ్చుకుంది. వచ్చినవాళ్ళకు పరుస్తుందనుకున్నాం. గదికి చుట్టూ వేలాడదీసి వాటికి వైద్యం చెబుతోంది. చప్పుడు చెయ్యకూడదట, నన్ను దగ్గనివ్వదు కూడా. ఒళ్ళు బాగాలేకపోతే మాత్రం రేపు ఆసుపత్రికి వెళ్ళు నాయనా, ఆదివారం ఆమె బొంతలను తప్ప ఎవరినీ చూడదు."

నవ్వు రావలసిన మాటే. రాలేదు. చెప్పులు విడిచి లోపలికి నడిచి తలుపు తోశాను.

గది చిన్నది. నాలుగు గోడలకూ ఎర్ర పూల బొంతలు. మధ్యలో పొట్టి బల్లమీద మైకు, పక్కన చిన్న పెట్టెలో ఎర్ర దీపం వెలుగుతోంది. సబోహత్ నేలమీద కూర్చుని కాగితం చూసి చదువుతోంది. నన్ను చూసి చదవడం ఆపింది.

"హమ్‌దమన్నా? గురువారం ఆపరేషన్ కదూ మీవాళ్ళకి. ఏమైంది, నొప్పి ఎక్కువైందా?" అంటూ చేతి గడియారం చూసుకుంది.

ఆ చూపుతో నాకు మరింత మండింది.

"గడియారం తరువాత చూసుకోండి డాక్టరమ్మా. మా ఇంటి సంగతి మీ బొంతలకు చెప్పారు. బొంతలు ఊరందరికీ చెప్పాయి. మోహిరా వింది."

"ఏం వింది?"

"మిమ్మల్నే. నా వ్యానులో, నా పక్కన కూర్చుని."

ఆమె చేతిలో కాగితం ఒళ్ళోకి దిగింది. నెమ్మదిగా, "పేరు చెప్పలేదు నేను. వయసు మార్చాను. కోకంద్ అనలేదు, ఇంకో ఊరన్నాను" అంది.

"రొట్టెను మార్చలేదు. రొట్టె వాసన పడటం లేదని మీ దగ్గరికి ఎంతమంది వస్తారు? నన్ను మార్చలేదు. మా అమ్మను మార్చలేదు. ఆ మాట నేను మీకు ఎక్కడ చెప్పాను? నడవాలో, గోడవైపు తిరిగి. నా సొంత కూతురికి కూడా చెప్పలేదు ఆ మాట."

"అది డాక్టర్ల కోసం చేసేది అన్నా. మామూలువాళ్ళు వింటారని..."

"డాక్టర్లు గాల్లో ఎగిరి ఆసుపత్రికి వస్తున్నారా? మామూలువాడి వ్యానులోనే కదా వచ్చేది."

ఆమె కళ్ళద్దాలు తీసి కళ్ళు నొక్కుకుంది. నేను ఆగలేదు. దారంతా పళ్ళకింద పెట్టుకుని వచ్చిన మాట ఒకటి మిగిలి ఉంది.

"ఆ పదిహేను నిమిషాల్లో చివర ఏం చెప్పారో మీకు గుర్తుందా? నాకు గుర్తుంది. రోగికి నిజం చెప్పండి, అది వాళ్ళ ఒళ్ళు, వాళ్ళ ప్రాణం అన్నారు. ఎంతమంది వింటారు మీ మాట?"

"మూడు వేలు. కొంచెం ఎక్కువ."

"మోహిరాకు చెప్పాలని మూడు వేలమందికి చెప్పారు. మోహిరాకు చెప్పలేదు."

సబోహత్ లేచి నిలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు, ఆమెకు కోపం వచ్చింది.

"చెప్పనిచ్చారా మీరు? నా కోటు చెయ్యి పట్టుకుని వేలాడింది ఎవరు? ఇప్పుడొచ్చి నన్ను నిలదీస్తున్నారు. రోజుకు నలభై రెండుమందిని చూస్తాను అన్నా. మనిషికి ఎనిమిది నిమిషాలు. అందులో నాలుగు కాగితాలకు పోతాయి. మిగిలిన నాలుగులో నీకు కేన్సరమ్మా అని చెప్పి, ఏడవనిచ్చి, మంచినీళ్ళిచ్చి, బయట తలుపు బాదుతున్నవాళ్ళను పిలవాలి. ఇంటివాళ్ళకు చెబితే రెండు నిమిషాల్లో అయిపోతుంది. మీరు వద్దని బతిమాలినప్పుడు నాకు ఏమనిపించిందో తెలుసా? హమ్మయ్య అనిపించింది. మీకు జాలి, నాకు తొందర. రెండూ భలే కుదిరాయి."

"మరి ఇక్కడ కూర్చుని ఇంతసేపు చెప్పడానికి తీరిక ఎక్కడిది?"

ఆమె చుట్టూ ఉన్న బొంతలవైపు చూసింది.

"ఇక్కడ ఎవరూ ఏడవరు" అంది.

నా కోపం తగ్గలేదు, అయితే అందులో సగం నావైపు తిరిగింది. ఆమె కోటు పట్టుకున్న చెయ్యి నాదే. పదిహేడేళ్ళ కిందట ఇంకో డాక్టరు కోటు పట్టుకున్నదీ అదే చెయ్యి.

"బాగా మాట్లాడుకుంటున్నారు ఇద్దరూ."

తలుపు దగ్గర మోహిరా నిలబడి ఉంది. తలగుడ్డకు ఇంకా పిండి అంటుకుని ఉంది.

"నువ్వెలా వచ్చావు?" అన్నాను.

"వేరేవాళ్ళ వ్యానులో వచ్చాను. వాళ్ళు పాటలు పెట్టారు." ఆమె నావైపు చూడలేదు. "నడవాలో కూడా ఇలాగే మాట్లాడుకుని ఉంటారు. నేను లోపల బల్లమీద పడుకుని, ఈయన ఇంకా రాలేదేమిటా, చల్లగాలిలో నిలబడ్డాడేమో అనుకుంటూ ఉన్నాను."

సబోహత్ గబగబా వంగి ఎర్ర దీపం ఉన్న పెట్టెమీద చెయ్యి వేసింది. నేను తలుపు తోసిన దగ్గర నుంచి అది ఆగలేదు, అన్నీ అందులోకి వెళుతూనే ఉన్నాయి.

"ఉండనివ్వండి" అంది మోహిరా. "ఇదేనా మీరు మాట్లాడే మైకు?"

"ఇదే అక్కా."

మోహిరా వచ్చి దాని ముందు కూర్చుంది. ముందు నాతోనే మొదలుపెట్టింది. మా దగ్గర భార్య భర్తను పేరు పెట్టి పిలవదు. మా పెద్దమ్మాయి పేరుతో పిలుస్తుంది.

"నిగోరా నాన్నా, మీ అమ్మ అడిగితే పుండన్నారు. నేను అడిగితే పుండన్నారు. మీకు ఇంకో జబ్బు పేరు రాదా?"

నేను తల దించుకున్నాను.

"ముప్పై ఏళ్ళు వడ్డించాను. పులావులో ఉప్పు ఎక్కువైతే నలుగురి ముందు చెప్పారు. ఇది ఒక్కటి చెప్పడానికి నోరు రాలేదు."

"భయపడతావని..."

"భయపడాల్సింది నేను. నా భయం కూడా మీరే పడ్డారా? నాకు ఏం మిగిల్చారు మరి? నెల రోజుల నుంచి ఊరికే చిక్కిపోతున్నానని కొత్త గౌను కుట్టించుకున్నాను, చూశారుగా. బాగుందన్నారు."

ఆ గౌను నీలం రంగుది. బాగుందన్నాను. అప్పుడు అది దయ అనే అనుకున్నాను.

మోహిరా డాక్టరువైపు తిరిగింది. "ఇప్పుడు చెప్పండి. ఆ మూడు వేలమందికి చెప్పినట్టు కాదు. నాకు చెప్పండి."

సబోహత్ చేతి గడియారం విప్పి ఒక బొంత కింద పెట్టింది. మోహిరా ఎదురుగా, మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుంది. చెప్పడం మొదలుపెట్టింది. గడ్డ ఎక్కడుందో మోహిరా పొట్టమీద వేలుతో చూపించింది. సగం అక్రోటు గింజంత ఉందంది. కడుపులో మూడో వంతు తీసేయాలంది. తీశాక మందులు ఎక్కిస్తారు, జుట్టు ఊడుతుంది, కొన్నాళ్ళు కొంచెం కొంచెంగా తినాలి అంది.

"బతుకుతానా?"

"తెలియదక్కా. తీస్తే బతికే దారి ఉంది, మంచి దారే ఉంది. తీయకపోతే లేదు."

"తీశాక నా రొట్టె వాసన నాకు మళ్ళీ పడుతుందా?"

సబోహత్, "ఇది నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు. తెలియదు" అంది.

"ఎవరికీ చెప్పకపోతే ఎవరు అడుగుతారు?" అంది మోహిరా.

నలభై నిమిషాలు పట్టింది. మధ్యలో మోహిరా ఒకసారి ఏడ్చింది, ఎక్కువసేపు కాదు. డాక్టరు ఆమెను ఆపలేదు, కళ్ళు తుడవలేదు, అలాగే కూర్చుంది. ఏ గోడ దగ్గర నిలబడాలో తెలియక నేను తలుపు పక్కన నిలబడ్డాను.

చివరకు సబోహత్, "ఆ భాగం ఈరోజే తీసేస్తాను. నన్ను క్షమించండి అక్కా" అంది.

"తీయకండి. విన్నవాళ్ళు విన్నారు. దాని పక్కన దీన్ని పెట్టండి, నా పేరు మార్చకుండా. ఎప్పుడు పెట్టాలో నేను చెబుతాను. క్షమించమని మాత్రం ఇప్పుడు అడగకండి. నాకు కోపం ఇంకా ఉంది. అది తగ్గాక అడగండి."

"గురువారం వస్తారు కదా?"

మోహిరా లేచి గౌనుకు అంటిన దూది దులుపుకుంది.

"రేపు చెబుతాను. మీకు చెబుతాను, ఆయనకు కాదు. ముందు ఇంట్లో ఒక పనుంది."

తిరిగి వచ్చేటప్పుడు ఆమె ముందు సీట్లో కూర్చోలేదు. వెనక తలుపు తీసి, నర్సులు కూర్చునే చివరి వరుసలో కూర్చుంది. అద్దంలో ఆమె తలగుడ్డ మాత్రమే కనిపించింది. ఒకసారి, "నిగోరా అమ్మా" అని పిలిచాను. "బండి చూసి నడపండి" అంది.

ఇంటికి రాగానే ఆమె లోపలికి వెళ్ళలేదు. తందూరు పక్కన గూట్లో చెయ్యి పెట్టి, రొట్టెల మధ్యలో గుచ్చే అచ్చు తీసింది. కొయ్య పిడి, దాని కింద పువ్వులా బిగించిన మేకులు. పచ్చి రొట్టె నడుమ దాంతో ఒక్క పోటు పొడిస్తే అక్కడ పొంగకుండా పువ్వు పడుతుంది. మా ఇంటి ప్రతి రొట్టెమీదా ఉండేది ఆ పువ్వే.

"ఇది మనది కాదు, తెలుసా మీకు?" అంది.

"అమ్మది కదా."

"అమ్మ ఎరువు తెచ్చింది. ఖుమ్రి పిన్ని దగ్గర. ఆసుపత్రికి వెళ్ళే రోజు నాతో చెప్పింది. పుండే కదా, నాలుగు రోజుల్లో వస్తాను, వచ్చాక నా చేత్తో నేనే ఇచ్చుకుంటాను, నువ్వు ఇవ్వకు అంది. ఆమె పోయాక ఇద్దామంటే సంతాపం రోజులు. తరువాత ఇద్దామంటే ఇన్నాళ్ళు ఎందుకు ఉంచుకున్నావంటారని సిగ్గు. పిన్ని అడగలేదు. అలా ఉండిపోయింది."

అమ్మను నేను భయం నుంచి తప్పించాననుకున్నాను. ఆమె మాట ఇచ్చి నెరవేర్చుకోలేకపోయిందని నాకు ఈరోజు దాకా తెలియదు.

మోహిరా అచ్చును నీళ్ళతో కడిగింది. మేకుల మధ్య ఎండిన పిండిని పుల్లతో గీకి తీసింది. గుడ్డతో తుడిచి, ఎండలో తిప్పి చూసింది. శుభ్రమైన గుడ్డ పరిచి అందులో పెట్టింది. ఎరువు తెచ్చిన వస్తువును ఉత్తగా తిరిగి ఇవ్వకూడదు కాబట్టి నిన్నటి రొట్టెలు రెండు పక్కన పెట్టి మూట కట్టింది. చేతులు వణకలేదు. ఆ వణకకపోవడం చూసే నాకు భయం వేసింది. గురువారం ఆసుపత్రికి వెళ్ళాలనుకున్న మనిషి ఎరువు వస్తువులు వెతుక్కుంటుందా? వెళ్ళకూడదని నిశ్చయించుకున్న మనిషి వెతుక్కుంటుందా?

"ఇప్పుడే ఎందుకు?" అన్నాను.

ఆమె మూట పట్టుకుని వాకిలి దాటింది. నేను వెనకే వెళ్ళాను.

మా పొరుగింటి ఖుమ్రి పిన్నికి ఎనభై దగ్గర పడ్డాయి. తలుపు ముందు నేలమీద నీళ్ళు చల్లి చీపురుతో ఊడుస్తోంది. మమ్మల్ని చూసి నడుము నిటారు చేసుకుంది.

"ఇద్దరూ కలిసి వచ్చారేమిటి, పెళ్ళి పిలుపా?"

"కాదు పిన్నీ. ఇది మా అత్తగారు మీ దగ్గర తెచ్చుకున్నది. ఆలస్యమైంది."

ముసలామె మూట విప్పింది. రొట్టెలు పక్కకు జరిపి అచ్చును చేతిలోకి తీసుకుంది. కొయ్య పిడిమీద బొటనవేలు నిదానంగా తిప్పింది.

"మా ఆయన చెక్కిన పిడి" అంది. "పోయిందనుకున్నాను. మీ అత్త దగ్గర ఉందని ఒకప్పుడు తోచింది. పోయినమనిషి ఇంటికి వెళ్ళి మేకులచెక్క ఎలా అడుగుతాను?"

"ఆమె ఇవ్వాలనే అనుకుంది పిన్నీ. తను వెళ్ళిపోతోందని ఆమెకు ఎవరూ చెప్పలేదు." మోహిరా ఒక్క క్షణం నావైపు తిరిగింది, నిన్న పొద్దుటి తరువాత మొదటిసారి నా కళ్ళలోకి చూసింది. "నాకు చెప్పారు."

ఖుమ్రి పిన్ని ఆమెను పై నుంచి కిందకు చూసింది. వదులుగా వేలాడుతున్న గౌనును, పిండి అంటిన తలగుడ్డను చూసింది. తరువాత నన్ను చూసింది. ఆమెకు అర్థమైంది. అచ్చును రొమ్ముకు ఆనించుకుంది.

"మీ అత్తమీద నాకు మనసులో ఏమీ లేదు. పైన ఆమెకు అడ్డం లేకుండుగాక." చీపురు గోడకు ఆనించి మోహిరా చెయ్యి పట్టుకుంది. "నీకు మాత్రం ఆ మాట నేను ఇప్పుడు చెప్పను. రేపు రొట్టెలు చెయ్యాలంటే నీకు అచ్చు ఉండొద్దూ? వచ్చి ఎరువు తీసుకుపో. ఈసారి నీ పేరుమీద."

మోహిరా వస్తాననలేదు, రాననలేదు. చెయ్యి విడిపించుకోలేదు. తడినేలమీద అలాగే నిలబడింది. మా అమ్మ బాకీ ఖుమ్రి పిన్ని చేతిలో, కడిగిన మేకులతో, ఎండకు మెరుస్తోంది.